వారపు పట్టికలలో ఉత్తములు, అధములు

సోమవారమునాటి వార్తాపత్రిక రాగానే మన విద్యార్థులు మొట్టమొదట తిరుగవేయు పుట ఏదియో పాఠశాలలో ఎల్లరకును తెలియును. గడచిన వారములో వృత్తిక్రీడాకారులలో ఎవరు మేటిగా ఆడిరి, ఎవరు మిక్కిలి హీనముగా ఆడిరి అని ఆ పుటలో రెండు వరుసలుగా పేళ్లు వేయబడియుండును. ఎడమవైపున ఉన్నవారికి పొగడ్త, కుడివైపున ఉన్నవారికి తెగడ్త. ఒక్కొక్క పేరునకు రెండు వాక్యములు మించవు. క్రికెట్టునకును, చెడుగుడునకును, ఫుట్‌బాలునకును ఇదియే పద్ధతి. ఇప్పుడు చేతిఫోనులలో ఆట ముగిసిన గంటలోపలనే ఇట్టి పట్టికలు వచ్చుచున్నవి గనుక సోమవారమువరకు వేచియుండు ఓపిక కూడ తగ్గిపోయినది.

ఈ పట్టిక మన పాఠశాలలోనికిని వచ్చినది. హాస్టలు వరండాలోని నల్లబల్లమీద ‘ఈ వారపు మేటి’, ‘ఈ వారపు చెత్త’ అను రెండు శీర్షికల క్రింద మన పిల్లల పేళ్లే వ్రాయబడుచున్నవి. ఇది చాలదని, ఈ సంవత్సరపు సంచికలో ‘ఏటి ఉత్తములు, ఏటి అధములు’ అని ఒక పుట అచ్చువేయవలెనని విద్యార్థి సంపాదకులు తలపెట్టినారు. మొదటి సగమునకు నాకు పెద్ద అభ్యంతరము లేదు. రెండవ సగము అచ్చు కాగూడదని నా అభిప్రాయము. కారణములు చెప్పుకొనుటకు ఈ సంచికలోనే చోటడిగితిని. తమ పుటను ఖండించు వ్యాసమునకు చోటిచ్చుట చిన్న విషయము కాదు; వారు ఇచ్చిరి.

వృత్తిగా ఆడువారిని విమర్శింపగూడదని నేననుట లేదు. టిక్కెట్టు కొన్నవానికి మెచ్చుకొను హక్కు ఎట్లున్నదో పెదవి విరుచు హక్కును అట్లే యున్నది. మన ప్రాంతమునకు ఇది క్రొత్త సంగతి కాదు. వీరఘట్టమున పుట్టి, విజయనగరములో వ్యాయామోపాధ్యాయుడుగా నుండి, పిమ్మట సర్కసు కంపెనీ పెట్టి ఊరూర బలప్రదర్శనములు చేసిన కోడి రామమూర్తినాయుడుగారు డబ్బిచ్చి లోపలికి వచ్చిన జనుల యెదుటనే గదా రొమ్ముమీదికి ఏనుగును ఎక్కించుకొనినది! చూచువారు తీర్పరులే. ఎన్నిదినముల పని చూచి ఆ తీర్పు చెప్పవలెను, దేనిని చూచి చెప్పవలెను అనునదే ప్రశ్న.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలందురు. ఆ మాట వంటయింటిలో నిజము. ఒకే కుండలో, ఒకే నీటిలో, ఒకే మంటమీద ఉడికిన మెతుకులు గనుక ఒకటి చెప్పినదే తక్కినవియు చెప్పును. ఆటగాని ఇన్నింగ్సులు అట్టివి కావు. నేల వేరు, బంతి వేరు, ఎదిరి వేరు, ఆనాటి గాలి వేరు. ఇందుకు మన పొరుగున జరిగిన ఉదాహరణమే చెప్పెదను.

2023 మార్చి నెలలో భారత, ఆస్ట్రేలియా జట్లు మూడు ఒకరోజు పందెములాడినవి. 17వ తేదీన బొంబాయిలో, 19న విశాఖపట్టణములో, 22న చెన్నైలో. సూర్యకుమార్ యాదవ్ ఈ మూడింటను మొదటి బంతికే అవుటయ్యెను. మొదటి రెండు సార్లు మిచెల్ స్టార్క్ వేసిన బంతికి ఎల్బీడబ్ల్యు. మూడవసారి ఆష్టన్ ఆగర్ బంతికి బౌల్డు. మూడు ఆటలు, మూడు బంతులు, పరుగులు సున్న. విశాఖలో ఆనాడు జట్టంతయు 26 ఓవర్లలో 117 పరుగులకే కూలినది. స్టార్క్ 53 పరుగులిచ్చి 5 వికెట్లు తీసికొనెను. ఆస్ట్రేలియావారు ఒక్క వికెట్టును పోగొట్టుకొనక 11 ఓవర్లలో ఆట ముగించిరి. రాత్రివరకు సాగవలసిన పందెము సాయంకాలమునకే తీరిపోగా, ఇక్కడినుండి రైళ్లమీద, బస్సులమీద పోయినవారు పెట్టిన డబ్బు దండుగయని సణుగుకొనుచు తిరిగివచ్చిరి. ఆ వారపు పట్టికలలో కుడివైపున ఎవరి పేరు మొదట నుండెనో చెప్పనక్కరలేదు. ఐతే అదే సమయమున ఇరువది ఓవర్ల ఆటలో లోకమంతటి బ్యాట్స్‌మనులలో మొదటి స్థానము అతనిదే. మూడు బంతులలో చెయ్యి చచ్చిపోవునా?

తరువాతి కథ ఇంకను వినదగినది. అదే సంవత్సరము నవంబరు 19న అహమ్మదాబాదులో ప్రపంచకప్పు తుదిపోటీ జరిగినది. భారతజట్టు ఓడినది. సూర్యకుమారుడు 28 బంతులాడి 18 పరుగులు మాత్రమే చేసెను, మరల నిందలు. నాలుగు దినములు గడిచెను. నవంబరు 23న విశాఖపట్టణములో, మార్చిలో మొదటి బంతికే వెనుదిరిగిన ఆ మైదానముననే, ఆ ఆస్ట్రేలియాతోనే, అతడు మొట్టమొదటిసారి భారతజట్టునకు నాయకుడై దిగెను. 42 బంతులలో 80 పరుగులు చేసెను. 209 పరుగుల గమ్యమును జట్టు రెండు వికెట్ల తేడాతో అందుకొనెను. ఒకే వారములో ఒకే మనుష్యుడు పట్టిక కుడివైపునను ఎడమవైపునను కూడ నిలిచెను. నాలుగు దినములలో అతడు ఆట నేర్చుకొన్నాడా? లేదు. అదివరలో మరచినాడా? అదియు లేదు. మారినది పట్టిక మాత్రమే.

బ్యాట్స్‌మనుని సంగతి కొంత ప్రత్యేకమైనది కూడ. బౌలరు చెడ్డ బంతి వేసినచో మంచి బంతి వేసి దిద్దుకొనుటకు అవకాశమున్నది. బ్యాట్స్‌మను తప్పు ఒక్కటైనను పెవిలియనుకు పోవలసినదే. తెలుగు పరీక్షలో మొదటి పదము తప్పు వ్రాసిన వెంటనే కాగితము లాగికొని సున్న వేసినచో మీరు ఊరకుందురా?

పట్టిక చూడలేని వేరొకటి కలదు. 2024 జూన్ 29న బార్బడోసులో ఇరువది ఓవర్ల ప్రపంచకప్పు తుదిపోటీలో ఇదే ఆటగాడు 4 బంతులాడి 3 పరుగులకే అవుటయ్యెను. దక్షిణాఫ్రికాకు కడపటి ఓవరులో 16 పరుగులు కావలసియుండెను. మొదటి బంతినే మిల్లరు ఆకాశమునకు కొట్టెను. సూర్యకుమారుడు సరిహద్దు త్రాటియొద్దకు పరుగెత్తి బంతిని పట్టి, తన కాలు హద్దు దాటునని యెరిగి బంతిని మీదికి విసరి, లోనికి వచ్చి మరల పట్టెను. భారతజట్టు 7 పరుగులతో గెలిచెను. బ్యాటింగు పట్టికలో నేటికిని అతని పేరున కుండునది 3 అను అంకెయే.

చెడుగుడు ఆడు మన పిల్లలు క్రికెట్టు మాటలకు విసుగుకొందురు గనుక వారి ఆటను గూర్చియు ఒక మాట. ప్రో కబడ్డీ పోటీలలో తెలుగు టైటాన్సు అను జట్టు 2021–22 సీజనులో 22 ఆటలలో ఒక్కటే గెలిచినది. తరువాతి రెండు సీజనులలో రెండేసి గెలుపులు. మూడు మార్లును అట్టడుగు స్థానమే. ఆ మూడవ సీజనులో ఆ జట్టు నాయకుడు పవన్ సెహ్రావత్. వేలములో అతనికి పెట్టిన వెల 2 కోట్ల 60 లక్షలు దాటినది. అతడు కూతకు పోయి తెచ్చిన పాయింట్లు రెండువందలకు పైబడినవి. ఈ మనిషిని ఏ వరుసలో వ్రాయుదురు? కూతగాడెంతటివాడైనను పట్టువారు పట్టనిదే ఆట గెలువదని చెడుగుడు ఆడిన ప్రతివాడును ఎరుగును. పట్టిక వ్రాయువాడు మాత్రము ఎరుగనట్లు నటించును. ఏలయన పట్టికలో ఒక్క పేరునకే చోటు.

ఉత్తముల వరుసయైనను నమ్మదగినదా అనిన, అదియు పూర్తిగా కాదు. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లేశ్వరి 1994, 1995 సంవత్సరములలో బరువులెత్తుటలో ప్రపంచవిజేత. అయినను 2000లో సిడ్నీ ఒలింపిక్సునకు ఆమెను ఎంపిక చేయుటయే తప్పని వాదించినవారుండిరి. అక్కడ స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, వెరసి 240 కిలోలెత్తి ఆమె కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్సులో పతకము పొందిన తొలి భారతీయ వనిత ఆమెయే. ఇంతవరకు అందరును చెప్పుకొందురు. స్వర్ణమునకును రజతమునకును ఆనాడు పలికిన బరువు ఒక్కటే, 242.5 కిలోలు. మల్లేశ్వరి కడపటి ప్రయత్నమున 137.5 కిలోలకు చేయి చాపెను, ఎత్తినచో స్వర్ణము, ఎత్తలేకపోయెను. అనగా ఆమె ఆ వేదికపై చేసిన కడపటి పని విఫలమైన పని. వారపు పట్టిక వ్రాయువానికి ‘పతకము తెచ్చెను’ అనియు వ్రాయవచ్చును, ‘స్వర్ణము జారవిడిచెను’ అనియు వ్రాయవచ్చును. రెండును అబద్ధములు కావు. నన్నడిగినచో ఆ ఎత్తలేని 137.5 కిలోలలోనే ఆమె ధైర్యము నాకు ఎక్కువగా కనబడుచున్నది.

విజయనగరము జిల్లా కొండవెలగాడ గ్రామపు మత్స సంతోషి కథ మరియొక విధమైనది. 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతిలో ఆమె మూడవదిగా నిలిచి కాంస్యము మెడలో వేసికొనెను. కొన్ని దినములకు, మొదట నిలిచిన నైజీరియా దేశపు బాలిక నిషిద్ధ ఔషధముల పరీక్షలో తప్పినందున ఆ పతకము తీసివేయబడెను. సంతోషికి రజతము వచ్చెను. పందెమునాటి పత్రికలలో ఆ పదునారేండ్ల పిల్ల ‘మేటి’. వారము దిరుగకమున్నే దోషి. పదునారేండ్ల పిల్లచేతికి ఆ మందులు ఎట్లు వచ్చినవో ఏ పట్టికయు అడుగదు.

అట్లైన అధమ క్రీడాకారుడనువాడే లేడా? కలడు. అతనిని చూపుటకును మనము దూరము పోనక్కరలేదు. విజయనగర రాజకుటుంబమువారైన విజయానంద గజపతిరాజుగారు, లోకము ‘విజ్జీ’ యని పిలిచినవారు, 1936లో ఇంగ్లాండు వెళ్లిన భారత క్రికెట్టు జట్టునకు నాయకులు. మూడు టెస్టులలో ఆరు ఇన్నింగ్సులాడి 33 పరుగులు చేసిరి. జట్టు రెండు టెస్టులు ఓడి ఒకటి సరిచేసికొనెను. అంకెలు చూచి నవ్వువారు నవ్వెదరు. నాకు ఆ 33 పరుగులమీద ఫిర్యాదు లేదు. ఎంతయో కష్టపడియు పరుగులు రానివాడు ప్రతి జట్టులోను ఉండును. వారిమీద నా ఫిర్యాదు వేరు. అంతకుముందు భారతజట్టును నడిపిన సి.కె. నాయుడుగారు ఆ జట్టులోనే ఒక ఆటగాడుగా నుండగా, ఆటవలన గాక పలుకుబడివలన లభించిన నాయకత్వమును వారు చేపట్టిరి. భారతదేశము తరఫున మొట్టమొదటి టెస్టు శతకము చేసిన లాలా అమరనాథును మొదటి టెస్టునకు ముందే క్రమశిక్షణ పేరిట ఓడయెక్కించి ఇంటికి పంపిరి. తరువాత జరిగిన విచారణలో అమరనాథు నిర్దోషియని తేలినది. నాయకునికే తప్పు అంటినది. జట్టు పోగొట్టుకొన్నది పరుగులు మాత్రమే కాదు, ఒకరినొకరు నమ్ముట కూడ. అధమమైన ఆట అనిన నా లెక్కలో అది.

న్యాయముగా రెండవ పక్కయు చెప్పవలెను. 1930–31లో జాక్ హాబ్సు, సట్‌క్లిఫ్ వంటి మహామహులను తమ సొంత జట్టుతో కూర్చి ఈ దేశమున ఆడించినవారును విజ్జీగారే. వారి పేరిట మైదానము నేటికిని విజయనగరములో నున్నది. అక్కడ ఆడని పిల్లలు ఈ చుట్టుపట్ల తక్కువ. ఒక మనుష్యునిలో రెండును ఉండగలవు. 33 అను అంకెలో రెండును లేవు.

తలాంతుల ఉపమానము మన పిల్లలకు కంఠస్థమే. అయిదు తలాంతులు పొందినవాడు అయిదు సంపాదించెను, రెండు పొందినవాడు రెండు. యజమానుడు ఇద్దరికిని చెప్పిన మెప్పు ఒక్కటే, అందులో ఒక్క మాటయు ఎక్కువ తక్కువలు లేవు. ఈ సంగతి ఎంతమంది గమనించిరో నాకు తెలియదు. మన పట్టికవాడైనచో అయిదు తెచ్చినవానిని ఎడమవైపునను, రెండు తెచ్చినవానిని కుడివైపునను వ్రాసియుండును. గద్దింపు పొందినది మూడవవాడు. అతడు వర్తకములో నష్టపోయినవాడు కాడు. నష్టమునకు భయపడి తలాంతును భూమిలో పాతిపెట్టినవాడు.

హాస్టలు బల్లవలన మన పాఠశాలలో జరుగుచున్నది సరిగా ఆ పాతిపెట్టుటయే. ఈ ఏడు ఒక పిల్లవాని పేరు వరుసగా మూడు వారములు కుడివైపున నుండెను. అతడు ఫుట్‌బాలు జట్టులో గోలుకీపరు. తన ముందరి పదిమంది పోగొట్టిన తరువాతనే గదా బంతి అతనియొద్దకు వచ్చుట! ఆ పదిమంది తప్పులను ఎవరును లెక్కపెట్టలేదు. అతని తప్పు మాత్రము ఎదిరిజట్టు పక్షమున ఒక గోలై పుస్తకమున కెక్కినది. నాలుగవ వారమునుండి అతడు మైదానమునకు వచ్చుట మానెను. ఆటవేళ గ్రంథాలయములో పాత పత్రికల కట్టలు సర్దుచు కూర్చుండును. ఆ పని అతనికి ఇష్టమైనచో నాకు సంతోషమే. ఇష్టము కాదని ముఖము చెప్పుచున్నది. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి: ఇప్పుడు గోలులో నిలుచుటకు ఎవడును ముందుకు వచ్చుట లేదు. తప్పు కంటబడని చోటు ఏదియో వెదకికొని అక్కడ నిలుచుటకు మన పిల్లలు నేర్చుకొన్నారు. ఒక తండ్రి వచ్చి తన కుమార్తె పేరు చెడుగుడు జట్టునుండి తీసివేయుడని కోరెను. ఆడుటకు ఆయనకు అభ్యంతరము లేదట. బల్లమీద పేరు పడుటకే అభ్యంతరము.

సూర్యకుమార్ యాదవునకు జీతమున్నది, శిక్షకులున్నారు, మూడు సున్నల తరువాతను నీవు మాకు కావలెనని పిలుచువారున్నారు. మన గోలుకీపరుకు ఏమున్నది? సాయంకాలము గంటసేపు ఆటయున్నది. అదియు పోయినది.

ఇంగ్లీషు, లెక్కల పరీక్షలలో వరుసలు కట్టి మార్కులు గోడకు అంటించుచున్నారు గదా, ఆటలకే ఈ మినహాయింపు ఏల అని ఒక విద్యార్థి సంపాదకుడు నన్ను సూటిగా అడిగెను. ప్రశ్న మంచిది. అంటించుటయు నాకు నచ్చని పనియే అని బదులు చెప్పితిని. అయినను భేదము లేకపోలేదు: లెక్కలలో ఎవని కాగితము వానిది, ఒకని మార్కులు మరియొకని తప్పువలన తగ్గవు. జట్టు ఆటలో ఆ మాట చెల్లదు. పట్టుదల పెరుగునని వాదించువారును కలరు. కొందరికి పెరుగును, నిజమే. వారు పట్టిక లేకున్నను పట్టుదల గలవారే.

అందుచేత సంపాదకులకు నేను కోరునది ఇది. ‘ఏటి అధములు’ పుటను తీసివేసి, ఆ చోట ఈ సంవత్సరము మన జట్లాడిన పందెముల పూర్తి స్కోర్లు అచ్చువేయుడు. ఓడినవియు వేయుడు, పదికి సున్నగా ఓడినదియు వేయుడు. దాచుటకు ఏమియు లేదు. ప్రతి ఆటకును ఆడినవారందరి పేళ్లును, బయట కూర్చున్న అదనపు ఆటగాండ్ర పేళ్లును, స్కోరు వ్రాసినవాని పేరును ఉండవలెను. గోలుకీపరు ఆపిన బంతులనుగూడ లెక్కవేయుడు; వచ్చినవి ఎన్ని, ఆపినవి ఎన్ని అని రెండు అంకెలు ప్రక్కప్రక్కన వేసినచో అతని మూడు వారముల కథ వేరుగా కనబడును. స్కోరు పుస్తకములు డ్రిల్లు మాస్టరుగారియొద్ద నున్నవి. ఏడాది పొడుగునను ప్రతి సాయంకాలము వాలీబాలు నెట్టు కట్టి, చీకటిపడిన పిమ్మట విప్పి మడిచి లోపల పెట్టిన ఇద్దరు పిల్లల పేళ్లు మాత్రము ఆ పుస్తకములలో లేవు. అవి నాకు తెలియును, వ్రాసి ఇచ్చెదను.